మాటల్లేని పాత్రకు గొంతు

మా అత్తవారి వైపు ఎవరికైనా జబ్బు చేస్తే మందు కంటే ముందు ఒక మాట వెతుకుతారు. బయటివాళ్ళకు చెప్పడానికి పనికొచ్చే మాట. మామగారికి గుండెలో స్టెంట్ వేయించినప్పుడు గ్యాస్ ట్రబుల్ అన్నారు. ఆడపడుచుకు గర్భసంచి తీయిస్తే నడుం నొప్పి అన్నారు. చల్లపల్లి దగ్గర పల్లె వదిలి విజయవాడలో ఇల్లు కట్టుకుని ఎన్నేళ్ళయినా ఆ అలవాటు మాత్రం వాళ్ళతోనే ఉంది. జబ్బు పేరు పైకి అంటే అది వచ్చి కూర్చుంటుందని మా అత్తయ్య నమ్మకం. అందుకే నా గొంతులో ఏదో ఉందని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రం, అత్తయ్య నా మంచం పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోతే, ఆమె వెతుకుతున్నది మాట కోసమేనని నాకు తెలిసిపోయింది.

అసలు నేను నోటితో బతికే మనిషిని. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు పైన చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ఊళ్ళో ఆటోలకు కట్టిన మైకుల్లో "రండి, తరలి రండి" అని పిలిచే గొంతు అక్కడ తయారైందే, నాదే. చీరల కొట్ల ఆషాఢం తగ్గింపులు, కోచింగ్ కాలేజీల ర్యాంకులు, కంటి వైద్య శిబిరాలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీలూ. ఒకే వీధిలో ఎదురుపడ్డ రెండు ఆటోల్లో ఒకదాంట్లో ఒకాయన్ని పొగుడుతూ, రెండోదాంట్లో ఆయన్నే కడిగేస్తూ నేనే వినిపించిన రోజులున్నాయి. ఈ మధ్య ఫోన్లలో చూసుకునే పరాయి దేశాల సీరియళ్ళకు తెలుగు డబ్బింగ్ కూడా చెబుతున్నాను. ఇంట్లో మాత్రం తక్కువ తిన్నానా! పెళ్ళైన కొత్తలో మా ఆయన, "మధ్యలో ఊపిరి ఎప్పుడు తీసుకుంటావే?" అని నిజంగానే అడిగారు.

ఎండాకాలం నుంచి గొంతు బొంగురుపోయింది. ఎండ అనుకున్నాం, ఏసీ అనుకున్నాం, మిరియాల పాలు తాగాం. నేను తాగుతుంటే ఇంటిల్లిపాదీ తాగారు. వానలు వెళ్ళిపోయాయి గానీ బొంగురు పోలేదు. దీపావళి ముందు మా ఆయన పట్టుబట్టి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, గొంతు లోపలి బొమ్మ తెర మీద చూపించింది. రెండు తెల్లటి తీగలు దగ్గరికొస్తున్నాయి, విడిపోతున్నాయి. ఒకదాని అంచున జొన్నగింజంత బుడిపె. ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టినవి ఆ రెండు తీగలేనని అప్పుడే మొదటిసారి చూశాను. వాటిని చూడగానే నాకు వాటి మీద జాలేసింది.

"ఇది తీసి పరీక్షకు పంపాలమ్మా. ఆలస్యం వద్దు, వచ్చే వారమే చేసేద్దాం. అప్పటిదాకా గొంతుకు పూర్తి విశ్రాంతి. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెడ్డవి" అంది.

"ఏమై ఉంటుందండీ?" అని మా ఆయన అడిగారు.

"పరీక్ష చేస్తేగానీ చెప్పలేనండి."

"నా గొంతు మళ్ళీ ఎప్పటిలా ఉంటుందా?" అని నేను అడిగాను.

ఆమె నా వంక కాకుండా తెర వంక చూసింది. "ముందు మీ సంగతి చూద్దామమ్మా. గొంతు సంగతి తర్వాత" అంది. నేనూ నా గొంతూ వేర్వేరని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే అత్తయ్యకు మాట దొరికింది. "ఎల్లుండి నుంచి కార్తీకమేగా. మా కోడలు మౌనం పట్టిందని చెబుదాం. ఎవరూ ఏమీ అడగరు" అంది. మా ఆయనకు అది ఎంతో తెలివైన ఉపాయంలా తోచింది. నాకూ తోచింది. నాలాంటి వాగుడుకాయ నెలంతా నోరు మూసుకోవడమంటే మా సందులో అంతకంటే పెద్ద వార్త ఏముంటుంది? గొంతు బాగాలేదంటే ఎన్ని ఆరాలు, ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, మా మేనమామకూ ఇలాగే... అంటూ మొదలుపెట్టి ఆయన ఎలా పోయాడో దాకా చెబుతారు. నోము అంటే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు.

వెళ్ళిపోలేదు. ఎదురింటావిడ పసుపు కుంకుమలతో వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను వెనక్కి దూకాను. "అయ్యో, అలా చేయకండి" అని నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఆ మింగడం కూడా ఆవిడకు మహత్తులా కనిపించింది. రెండో రోజుకు పక్క సందులోంచి కూడా వచ్చారు. మౌనంలో ఉన్నవాళ్ళ దగ్గర కోరిక చెప్పుకుంటే నెరవేరుతుందని ఎవరు పుట్టించారో తెలియదు. అరటిపళ్ళు పెట్టడం, ఎదురుగా కూర్చోవడం, మెల్లగా మొదలుపెట్టడం. ఒకావిడ కొడుకు ఆన్‌లైన్ జూదం గురించి చెప్పి ఏడ్చింది. ఒకావిడ తోడికోడలు మీద చెప్పింది, మర్నాడు ఆ తోడికోడలే వచ్చి ఈవిడ మీద చెప్పింది. నవ్వాపుకోలేక చచ్చాను. "మీ ముఖంలో తేజస్సు వచ్చిందండీ" అని ఇంకొకావిడ అంది. అది తేజస్సు కాదు, భయంతో తిండి సహించక ముఖం పీక్కుపోయింది.

ఇదంతా చూస్తూ చూస్తూ అత్తయ్య మారిపోయింది. మొదటి రోజుల్లో ఎవరైనా నాకు దణ్ణం పెడితే వంటింట్లోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. తెల్లారుజామున కృష్ణకు వెళ్ళి నా పేరు మీద దీపం వదలడం మొదలుపెట్టింది. నా కంచంలో ఉల్లిపాయ ఆగిపోయింది, వెల్లుల్లి ఆగిపోయింది. పొద్దున లేవగానే నా ముఖం చేతుల్లోకి తీసుకుని, గొంతు మీద విభూతి రాసేది.

డాక్టరమ్మ చెప్పిన వారం ఏదో సాకుతో దాటిపోయింది, ఆసుపత్రి నుంచి రెండోసారి ఫోన్ వచ్చిన రోజు అసలు సంగతి బయటపడింది. "వచ్చే వారం తీసుకొస్తామండీ" అని మా ఆయన అంటుంటే, అత్తయ్య పక్కనుంచి, "ఏ వచ్చే వారం? పోలిపాడ్యమి వెళ్ళాలి" అంది. పోలిపాడ్యమి అంటే కార్తీకం పూర్తిగా ముగిసిన మర్నాడు. మా ఆయన ఫోన్ పెట్టేసి తల్లి వంక అయోమయంగా చూశారు.

నేను ఫోన్లో టైపు చేసి చూపించాను: ఇది నిజం నోము కాదు అత్తయ్యా. మీరు కల్పించినదే కదా.

ఆమె ఫోన్ దూరంగా పట్టుకుని చదివింది. "ఎలా మొదలైతే ఏముందమ్మాయ్, మొదలైందిగా. ఊరంతా మొక్కుతున్నారు. పట్టింది నడిమధ్యలో వదిలితే మంచిది కాదు. ఆ పరమశివుడు గరళాన్ని ఎక్కడ పెట్టుకున్నాడు? గొంతులోనే కదా. నీ గొంతు సంగతి ఆయనకు తెలియదా? నెల నిండేసరికి అది కరిగిపోతుంది చూడు. కత్తి అవసరమే ఉండదు."

మా ఆయన తల్లి ముందు ఎప్పుడూ అంతే, స్తంభం. "ఓ రెండు వారాల్లో ఏమైపోతుందిలే" అన్నారు, నాతో కాదు, గోడతో. నాకు ఒళ్ళు మండింది. కానీ దాచుకోవడం దేనికి, మంట కింద కాస్త హాయిగా కూడా ఉంది. కత్తి దూరం జరిగింది కదా అని. పిల్లకాయలు పరీక్ష వాయిదా పడితే ఎగిరి గంతేసినట్టు నా ప్రాణం లోపల గంతేసింది.

ఆ మధ్యాహ్నమే నా గొంతు మా సందులోకి వచ్చింది. దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. కాలవ గట్టు వైపు నుంచి మైకు ఆటో తిరిగింది. "కార్తీకమాసం శుభవేళ, మీ అభిమాన వస్త్రాలయంలో..." పోయినేడు చెప్పింది. గంట కొట్టినట్టు ఖంగుమంటూ, ఎక్కడా జీర లేకుండా, నవ్వుతూ. తడి చీర చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. ఆటో మా గేటు ముందుకొచ్చింది, దాటింది, మలుపు తిరిగింది. నేను లేకపోయినా అది తిరుగుతూనే ఉంటుందన్న ఊహ వచ్చి, పిండిన చీరనే మళ్ళీ పిండాను. ఎదురింటావిడ గోడ మీంచి, "మీరు మౌనంలో ఉన్నా మీ గొంతు ఊరుకోదండీ!" అని నవ్వింది. నేనూ నవ్వాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు, గబగబా లోపలికి వెళ్ళి దేవుడి గదిలో కూర్చుంది.

అలాంటి రోజుల్లో స్టూడియో ఆయన లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఏభై దాటిన మనిషి, చెవులతోనే పుట్టినవాడు, నాకు ఈ పని నేర్పింది ఆయనే. నేను అన్నగారూ అంటాను. ఆయన కూడా నోము సంగతే నమ్మారు. కూర్చుని, కాఫీ తాగి, అసలు విషయానికి వచ్చారు.

"అమ్మా, పాత సైన్సు కథల సీరియల్ ఒకటి చేస్తున్నాంగా, నలుపు తెలుపుది. అందులో ఒక భాగానికి బొమ్మ బాగానే ఉంది గానీ సౌండు పూర్తిగా చెడిపోయిందంట. మొత్తం మనమే కొత్తగా వెయ్యాలి. అందులో ఉన్నది ఒకే ఒక్క ఆడమనిషి. విచిత్రం ఏంటంటే ఆవిడకి ఒక్క మాట కూడా లేదు. మొదట్నుంచి చివరిదాకా ఊపిరి, మూలుగు, కేక, అంతే. మాటే లేనప్పుడు మీ వ్రతానికి భంగం ఏముంటదని వచ్చాను."

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. మాకు ఆ బొమ్మ వేసి చూపించారు, శబ్దం లేకుండా. ఎక్కడో ఒంటరి ఇల్లు. ఒక పల్లెటూరి స్త్రీ పొయ్యి ముందు వంట చేసుకుంటోంది. పైకప్పు మీద ఏదో పడుతుంది. ఆమె తల ఎత్తుతుంది. నిచ్చెన ఎక్కుతుంది. జానెడు కూడా లేని ఏవో చిన్న ఆకారాలు, ఎక్కణ్ణించో దిగినవి, ఇంట్లో దూరి ఆమెను పొడుస్తాయి, కాలుస్తాయి, దాక్కుంటాయి. ఆమె దొరికిన వస్తువల్లా పట్టుకుని వాటితో పోరాడుతుంది. చిట్టచివర ఆ ఆకారాల వైపు నుంచి ఒక మగగొంతుకు మాత్రం నాలుగు మాటలున్నాయట. వచ్చినవాళ్ళు ఎవరో, ఆమె ఎవరో తేలేది అక్కడే. చూడనివాళ్ళు ఉంటారు గనక చెప్పను.

చూస్తున్నంతసేపూ నాకు ఆ నటి వీపే కనిపించింది. ముఖం కంటే ఎక్కువ వీపుతో భయపడింది ఆ మనిషి. కప్పు మీద చప్పుడు వినగానే ఆమె చెయ్యి గరిట మీద ఆగిన తీరు, మళ్ళీ కలపడం మొదలుపెట్టిన తీరు చూస్తే, ఏమీ కాలేదని తనకు తాను చెప్పుకోవడం కళ్ళకు కట్టింది. నేను ఎండాకాలమంతా మిరియాల పాలు తాగుతూ చేసింది అదే. జొన్నగింజంతది ఒకటి ఇంట్లో దూరింది, నేను గరిట తిప్పుతూ ఉన్నాను.

అత్తయ్య బొమ్మ అయిపోయేదాకా కదలలేదు. "ఆవిడకు ఇరుగుపొరుగు లేరా? అంత జరుగుతుంటే ఎవర్నీ పిలవదేం?" అంది.

"ఎవరూ లేరమ్మా. అందుకేగా మాట లేదు" అన్నారు స్టూడియో ఆయన.

తర్వాత వాళ్ళిద్దరి మధ్య జరిగిన చర్చ పండితులు విని ఉంటే నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. మూలుగు మాటా, కాదా? కేకలో అక్షరం ఉందా? దగ్గు, తుమ్ము, ఆవులింత వ్రతభంగం కాదుగా, మరి ఇదీ అంతే కదా? చివరికి అత్తయ్య తీర్పు చెప్పింది. "అక్షరం లేనిది మాట కాదు. వెళ్ళిరా అమ్మాయ్. ఇంట్లో కూర్చుని దిగులు పడుతున్నావు, నాలుగు గంటలు గాలి మారుతుంది."

డాక్టరమ్మ చెప్పింది గొంతుకు విశ్రాంతి. అత్తయ్య పట్టించింది మౌనం. ఆ రెండూ ఒకటి కాదన్న సంగతి ఆ గదిలో మా అత్తాకోడళ్ళిద్దరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదని ఎవరికి చెప్పినా నమ్మరు. దేవుడి లెక్కలో తప్పు లేదంటే ఒంటి లెక్కలో కూడా లేదనే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, సొంత సంపాదన ఉన్నదాన్ని, మర్నాడే పుట్టింటికి వెళ్తున్నంత సంబరంగా ఆటో ఎక్కి గవర్నర్‌పేట వెళ్ళాను.

స్టూడియోలో మైకు ముందు నిలబడితే ప్రాణం లేచొచ్చింది. ముందు ఊపిర్లు చేశాం. నిచ్చెన ఎక్కే ఊపిరి, దీపం ఎత్తి చూసే ఊపిరి, తలుపు సందులోంచి చూస్తూ బిగబట్టిన ఊపిరి. అన్నీ బాగా కుదిరాయి. తర్వాత మొదటి కేక. తెర మీద ఆమె చేతికి ఏదో గుచ్చుకుంటుంది, నేను అరిచాను. స్టూడియో ఆయన అద్దం అవతల తల అడ్డంగా ఊపారు.

"బాగుందమ్మా, కానీ ఎవర్నో పిలిచినట్టుంది. ఆవిడకి ఎవరూ లేరు. ఎవర్నీ పిలవకుండా అరవాలి."

ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన వాటిల్లో అంత కష్టమైనది లేదు. నా పనే పిలవడం. రండి, తరలి రండి. నా కేకలో కూడా ఎవరో ఒకరు వస్తారన్న ధీమా ఉంది. మళ్ళీ చేశాను. మళ్ళీ పిలుపే వచ్చింది. ఆ నటి ముఖం వంక చూస్తూ ఉండిపోయాను. ఆ నోరు తెరుచుకున్న తీరులో సాయం అడగడం లేదు. నొప్పి బయటికి పోవడానికి దారి ఇచ్చింది, అంతే. కళ్ళు మూసుకుని, ఇల్లు, మా ఆయన, అత్తయ్య, సందు, ఊరు, ఎవరూ లేరనుకున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే అలా అనుకోవడం ఆ రోజుల్లో పెద్ద కష్టం కాలేదు. అరిచాను.

"అదీ!" అన్నారు ఆయన. తొడ చరుచుకుని ఇవతలికి వచ్చేశారు. "అదిరిపోయిందమ్మా. కింద ఆ జీర ఎక్కణ్ణించి తెచ్చారు? రెండు గొంతులు కలిసి అరిచినట్టుంది. వినండి, వినండి."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నా కేక ఉంది. దాని కిందే, దాన్ని అంటుకుని, ఇంకొకటి ఉంది. చెక్క మీద మేకు ఈడ్చినట్టు, తడిగా, మొండిగా. నా కేక ఆగిపోయాక కూడా అది ఒక్క క్షణం ఎక్కువ ఉంది. నోట్లో ఏదో ఉప్పగా తగిలితే చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాను. సన్నటి ఎర్ర చార.

ఫోన్ తీసి టైపు చేసి ఆయనకు చూపించాను: అది నేను చేసింది కాదు.

ఆయన చదివి గట్టిగా నవ్వారు. "మీకు ఎప్పుడూ ఇంతే వినయం" అని మళ్ళీ వినడానికి కూర్చున్నారు. పాపం ఆయనకేం తెలుసు! అందరికీ మేము చెప్పిందే ఆయనకూ చెప్పాం. నోము అనే మాటతో ఎంత బాగా దాచామంటే, గొంతుల మీద బతికే మనిషి కూడా నా గొంతులో ఉన్నదాన్ని విని మెచ్చుకున్నాడు.

మిగతా కేకలు చేయలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి, ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ సాయంత్రం పేషెంట్లను చూస్తోంది. నన్ను చూడగానే కోపంగా, "ఇన్నాళ్ళా? ఫోన్ చేస్తే వచ్చే వారం వచ్చే వారం అంటారేంటమ్మా?" అంది. నేను మొత్తం టైపు చేశాను. నోము, దీపాలు, కేకలు, ఎర్ర చార. ఆమె చదువుతూ ఒకచోట ఆగి, ఫోన్ మీంచి నా వంక చూసి, మళ్ళీ చదివింది. గొట్టం దింపింది. తెర మీద బుడిపె చుట్టూ తీగంతా తెల్లగా పొలుసు కట్టి ఉంది.

"పోలిపాడ్యమి దాకా ఇది ఆగదమ్మా. రేపు పొద్దున పరగడుపున వచ్చేయండి" అంది.

ఇంటికెళ్ళి రుమాలు అత్తయ్య ముందు పెట్టాను. చేతిలో ఉన్న వత్తులు పక్కన పెట్టి దాన్ని విప్పి చూసింది. మా ఆయన, "అమ్మా, రేపు తీసుకెళ్తున్నాను" అన్నారు. ఆయన నోటి నుంచి తల్లితో అంత సూటి మాట రావడం నేను వినడం అదే మొదలు. అత్తయ్య రుమాలు మడత పెట్టి నా చేతికి తిరిగిచ్చింది. మర్నాడు మేము బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి, నా మెడ మీద విభూతి రాయబోయి, మానేసి, చెయ్యి కిందికి దించుకుంది.

పరీక్షలో తేలింది మంచిది కాదు. పేరు నేను ఇక్కడ రాయగలను, మా ఇంట్లో ఇప్పటికీ పైకి అనరు. క్యాన్సర్. మొదట్లోనే ఉంది గనక కత్తితోనే పోయిందని అనుకుంటున్నామని డాక్టరమ్మ చెప్పింది. "అనుకుంటున్నాం" అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. కానీ తీగను ఎక్కువ మేరకు తీయాల్సి వచ్చింది. ముందే వచ్చి ఉంటే తక్కువ పోయేదా అని, అత్తయ్య పక్కనుండగానే మా ఆయన అడిగితే, "చెప్పలేనండి" అని కాగితాల వైపు తిరిగింది. ఆ జవాబు మా ముగ్గురిలో ఎవరికి ఎలా అర్థమైందో, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు. కొన్ని నెలలకొకసారి గొట్టం దింపించుకోవాలి. తెర మీద ఆ తీగలు కనిపించేదాకా నేను అంకెలు లెక్కపెట్టుకుంటాను, ఇప్పటికీ.

ఆపరేషన్ తర్వాత మళ్ళీ మౌనం, ఈసారి నిజంది. సందులో ఎవరూ పళ్ళు తేలేదు. ఎదురింటావిడ మా గోడ దగ్గర ఎవరితోనో అంటుంటే వినపడింది. "మధ్యలో వదిలేసిందంటండీ. శివుడి దగ్గర ఆటలా? అందుకే గొంతు పోయింది." అత్తయ్య ఆ పక్కనే తులసికి నీళ్ళు పోస్తోంది. ఆమెకూ వినపడింది. చెంబు కింద పెట్టి గోడ దాకా నడిచింది.

"మా కోడలు వదల్లేదమ్మా. దానికి జబ్బు చేసింది. నోమూ లేదు గీమూ లేదు, నేనే అబద్ధం చెప్పాను. చెప్పి, నేనే నమ్మి, ఆపరేషన్ ఆపాను" అంది. వాళ్ళు ఏమన్నారో నాకు వినపడలేదు. అత్తయ్య తిరిగొచ్చి చెంబు తీసుకుని మిగిలిన నీళ్ళు పోసింది. అప్పటి నుంచి ఆమె మాట తగ్గిపోయింది. దీపం పెడుతుంది, వండుతుంది, నాకు జావ చల్లార్చి ఇస్తుంది. నా ముఖంలోకి మాత్రం చూడదు.

మాట్లాడవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆమె ముందు "ఆ" అన్నాను. ఏదో వచ్చింది. "ఇదే మీ గొంతు. అలవాటు చేసుకోవాలి" అంది. మా ఆయన గబుక్కున బయటికి వెళ్ళిపోయారు. ఆయన ఆసుపత్రి బయట కారు తీస్తూ కూడా నా వైపు తిరగలేదు. నన్ను గేటు దగ్గర దింపి పనుందని వెళ్ళిపోయారు.

ఇంట్లో ఎవరూ కనిపించలేదు. పెరట్లో గిన్నెల చప్పుడు. వరండాలో నిలబడి, ఎప్పటిలాగే పిలిచాను. "అత్తయ్యా!"

గాలి ఎక్కువ, గొంతు తక్కువ. ముసలాయనెవరో తలుపు అవతల నుంచి గొణిగినట్టు వచ్చింది. అయినా గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరండీ? వస్తున్నానండీ" అని పెరట్లోంచి అత్తయ్య కేకేసింది. చెయ్యి తుడుచుకుంటూ, కొంగు భుజం చుట్టూ సర్దుకుంటూ, పరాయివాళ్ళు వస్తే ఎలా వస్తుందో అలా వచ్చింది. వరండాలో నన్ను చూసింది, "వచ్చారా?" అన్నట్టు తలూపింది, నన్ను దాటుకుని గేటు దాకా వెళ్ళింది. గడియ తీసి సందులో అటూ ఇటూ చూసింది. "ఎవరో పిలిచారే" అంది తనలో తను.

"నేనే అత్తయ్యా" అన్నాను.

ఆమె గడియ మీద చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగింది. నా నోటి వంక చూసింది. ఎన్నో వారాల తర్వాత నా ముఖంలోకి చూసింది. నాకు ఏడుపు రావాల్సింది, రాలేదు, ఆమె మీద కోపం రావాల్సింది, అదీ రాలేదు. భయం వేసింది. ఈ గొంతుతో పిలిస్తే ఇంట్లోవాళ్ళెవరూ పలకరేమోనని చిన్నపిల్లలా భయం వేసింది.

అత్తయ్య గేటు మూసి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి పిలువమ్మా" అంది.

పిలిచాను.

ఆమె తల కాస్త పక్కకు వంచింది, దూరంగా ఏదో వింటున్నట్టు. "ఇంకోసారి" అంది.

"అత్తయ్యా" అన్నాను, ఈసారి మెల్లగా, గాలి మొత్తం అయిపోయేదాకా.

ఆమె కళ్ళు మూసుకునే చెయ్యి చాచింది. నా చీర కుచ్చిళ్ళు తగిలితే పట్టుకుంది.

"ఆఁ... చెప్పమ్మా" అంది.